ఎవరి వెనక?

రేవు ఊరి బడి,
జనవరి 12

వదినకి,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోను టవరు పడిపోయి నెల దాటింది. ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఒక మధ్యాహ్నం మెల్లగా పక్కకి ఒరిగి కూర్చుంది. ఖాళీ అవుతున్న ఊరికి టవరెందుకని మళ్ళీ నిలబెట్టలేదు. అందుకని మళ్ళీ కాగితం, కలం. నీ పెళ్ళయిన కొత్తలో నేను హాస్టలు నుంచి ఉత్తరాలు రాస్తే, నువ్వు రాసే జవాబుల్లో తప్పులు దిద్ది తిప్పి పంపేదాన్ని. ఇప్పుడు దిద్దను. జవాబు వస్తే చాలు.

సంగతేమిటంటే, మా నాలుగో బావి కూడా ఉప్పెక్కింది. సముద్రం నెలకి రెండుసార్లు లోపలికి వస్తోంది, వచ్చిన ప్రతిసారీ కాస్త జరిగి కూర్చుంటోంది. పోయిన నెల నా హాజరు పట్టీలో అరవై ఒక్క పేర్లున్నాయి. ఇవాళ ముప్పై ఎనిమిది. మిగతా ఇరవై మూడు పేర్ల ఎదురుగా ‘వెళ్ళారు’ అని రాశాను. ఎక్కడికి అని రాయడానికి పట్టీలో గడి లేదు. కానీ నీకు తెలియాలి, వాళ్ళు వెళ్ళింది మీ ఊరికే. మన వీధి చివర మూతపడ్డ నూలు మిల్లు లేదూ, ఆ ఆవరణ వాళ్ళకి ఇచ్చారు. ఈపాటికి చేరుకుని ఉంటారు.

మా ఆయన లాంచీ మీద వాళ్ళని అవతలి ఒడ్డుకి చేరుస్తుంటే, నేను రేవులో నిలబడి ప్రతి కుటుంబానికీ అదే పాఠం చెప్పాను. బస్సు దిగాక ఎడమ చేతి వైపు నడవండి, వీధిలో గట్టిగా మాట్లాడకండి, సైకిలు బెల్లుకి కూడా విసుక్కునే వీధి అది అన్నాను. ఇంకో మాట కూడా చెప్పి పంపాను. అదేమిటో ఇప్పుడు రాయను, ఫలితం చూసి నువ్వే మెచ్చుకుంటావు.

వలలు కుట్టే పెద్దమ్మ లాంచీ ఎక్కుతూ, “అక్కడ నీళ్ళు ఎవరు వదులుతారు టీచరమ్మా?” అని అడిగింది. ఊరి గురించి ఆవిడ అడిగిన ప్రశ్న అదొక్కటే. “మా వదినే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే” అన్నాను. ఆవిడ నవ్వుతూ వెళ్ళింది. వాళ్ళని కాస్త కనిపెట్టుకుని ఉండు.

నేను పెరిగిన వెనక గదిలో ఇప్పుడేం పెట్టారు? ఊరికే అడిగాను.

నీ మరదలు

*

పంపుహౌసు,
జనవరి 24

మరదలు పిల్లకి,

నీ అక్షరాలు ఇప్పటికీ పలక మీద రాసినట్టు గుండ్రంగానే ఉన్నాయి. నావి నువ్వు దిద్దకపోయినా నేను సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మీవాళ్ళు వచ్చారు. ఇరవై మూడు మంది పిల్లలని నువ్వు రాశావు గానీ, ఒక్క నీ ఊరేనా? తీరం పొడుగునా ఊళ్ళన్నీ లేచి వచ్చినట్టున్నాయి. మిల్లు ఆవరణలో ఇవాళ్టికి మూడు వందల కుటుంబాలు. నూలు ఆరబెట్టే షెడ్లలో చీరలు అడ్డం కట్టుకుని ఉంటున్నారు. మన బడి ఇప్పుడు రెండు పూటలు నడుస్తోంది, పొద్దున్న ఊరి పిల్లలు, మధ్యాహ్నం మీ పిల్లలు. మాస్టార్లకి గొంతు పోయింది.

నువ్వేమో వదిన వడ్డిస్తుందని చెప్పి పంపావు. నా సంగతి నీకు తెలియనిదా? ట్యాంకులో ఎంత పడితే అంతే నేను వదిలేది. పదకొండు వీధులు, వీధికి యాభై నిమిషాలు. వాల్వు చక్రం నా చేతిలో ఉంది గానీ నీళ్ళు నా చేతిలో లేవు. మీవాళ్ళు మన వీధి కుళాయి దగ్గరికే వస్తున్నారు. అరవై ఇళ్ళ నీళ్ళు ఇప్పుడు మూడు వందల అరవై ఇళ్ళు పంచుకోవాలి.

ఎదురింటి కండక్టరు గారు వార్డు కమిటీకి అధ్యక్షుడయ్యారు. రిటైరయ్యాక ఆయనకి విజిలు ఊదడానికి బస్సు లేదు, ఇప్పుడు వీధి దొరికింది. “తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది మన పని” అని రోజూ మన అరుగు మీద కూర్చుని అంటున్నారు. మీ అన్నయ్య కుట్టు మిషను మీద నుంచి తల ఎత్తడు, ఊఁ కొడతాడు, అంతే.

వెనక గది సంగతి అడిగావు. దాని కప్పు కారుతోంది. బాగుచేయించాలి.

వదిన

*

రేవు ఊరి బడి,
ఫిబ్రవరి 6

వదినకి,

మీ ఊళ్ళో చినుకు పడి ఎనిమిది నెలలైందని మొన్న పేపర్లో చదివాను. వాన పడని ఊళ్ళో కప్పు ఎలా కారుతుంది వదినా? జవాబు రాయనక్కర్లేదు. నవ్వు వచ్చి రాశాను.

పట్టీలో ఇరవై రెండు పేర్లు. పెద్ద తరగతి పిల్లలు వెళ్ళిపోవడంతో గంట కొట్టే పని కూడా నాదే అయింది. ఇక్కడ విచిత్రం చూడు, వెళ్ళేవాళ్ళు తలుపులు ఊడదీసి పట్టుకుపోతున్నారు. ఇల్లు వదిలేసి తలుపు మోసుకెళ్ళడమేమిటని పడవల మేస్త్రిని అడిగాను. “ఎక్కడికి వెళ్ళినా గోడ ఎవరో ఒకరు ఇస్తారు, తలుపు ఎవరూ ఇవ్వరు” అన్నాడు. ఆయన కూడా నిన్న లాంచీ ఎక్కాడు, ఉలి, సుత్తి, తలుపుతో సహా. మంచి పనివాడు. కనిపిస్తే మాట్లాడు.

అందరినీ దాటించేదాకా మా ఆయన లాంచీ దిగడు. ఆయన దిగేదాకా నేను కదలను. అంచేత మా గురించి ఇప్పుడే ఆలోచించకు.

మరదలు

*

పంపుహౌసు,
ఫిబ్రవరి 27

మరదలికి,

నీ పడవల మేస్త్రి కనిపించాడు. ఎందుకు కనిపించాడా అని ఊరంతా ఏడుస్తోంది.

మన కుళాయి దగ్గర రాళ్ళ సంగతి నువ్వు మర్చిపోయావేమో గానీ ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇంటికొక రాయి తీసుకెళ్ళి కుళాయి నుంచి వరసగా పెట్టి వస్తాం. పొద్దున్న రాయి ఎక్కడుంటే మన వంతు అక్కడ. ఎవరూ ఎవరి రాయీ ముట్టుకోరు. అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఇళ్ళలో కూడా రాయి జోలికి పోలేదు. మన ఇంటి రాయి మీ అమ్మ రోజూ పెట్టిన ఎర్రదే, ఇప్పటికీ.

మొన్న మంగళవారం పొద్దున్న బిందెలతో వెళితే వరసలో ఒక్క రాయి లేదు. అన్నీ కలిపి కుళాయి చుట్టూ గట్టులాగా పేర్చి, సందుల్లో సున్నం కూరి, చక్కగా చదును చేసి పెట్టారు. మేస్త్రీ, ఇంకో పదిమందీ ఆ గట్టు పక్కన నిలబడి నవ్వుతున్నారు. నవ్వుతున్నారు, అదీ నాకు ఎక్కువ మంట పుట్టించింది. మా అరవై ఇళ్ళ వంతులు తీసి కాళ్ళ కింద వేసుకుని నవ్వుతున్నారు.

కండక్టరు గారు, “ఇది దోపిడీ” అన్నారు. ఎవరో ఎవరినో తోశారు. ఆ వలల పెద్దమ్మ కింద పడింది, బిందె సొట్టపోయింది, మోచెయ్యి గీరుకుపోయింది. నేను ఆపలేదు. నా చేతిలో వాల్వు తాళం ఉంది, దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం కమిటీ కూర్చుని మీవాళ్ళని మిల్లు నుంచి మార్చాలని తీర్మానం రాసింది. దానికి నీళ్ళ విభాగం నుంచి ఒక కాగితం కావాలట, మన లైను మీద ఇంతమందికి సరఫరా చేయడం కుదురుతుందా లేదా అని. ఇంజనీరు గారు నన్ను రిపోర్టు అడిగారు. రాసిచ్చాను.

మీ అన్నయ్యకి మోకాలు నొప్పి. మిగతా అంతా మామూలే.

వదిన

*

రేవు ఊరి బడి,
మార్చి 10

వదినకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

తప్పు మేస్త్రిది కాదు, నాది. జనవరిలో ఇంకో మాట చెప్పి పంపానని రాశాను గుర్తుందా? అది ఇదే. “అక్కడ ఎవరినీ ఏదీ అడగకముందే, ఎవరూ చెప్పకముందే, ఆ ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి మీ చేత్తో చేసి పెట్టండి” అన్నాను. రేవులో నిలబడి అందరికీ చెప్పాను, చాలా తెలివైన మాట చెప్పాననుకున్నాను. వాళ్ళకి ఆ కుళాయి చుట్టూ మోకాలి లోతు బురద కనిపించి ఉంటుంది. పక్కనే ఎవరివీ కానట్టు రాళ్ళు పడి ఉన్నాయి, అవి వంతులని వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు. నిండు బిందెతో ఆడవాళ్ళు జారిపడకుండా గట్టు కట్టారు. మెచ్చుకుంటారని నవ్వుతూ నిలబడ్డారు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

ఆ వీధిలో పుట్టినదాన్ని. ఎర్రరాయి వెనక బొంగరం తిప్పుతూ పెరిగినదాన్ని. బస్సు దిగి ఎటు నడవాలో కూడా చెప్పి, రాళ్ళు ముట్టుకోవద్దని మాత్రం చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో మర్చిపోయాను వదినా. ఈ ఊరి పద్ధతి అలవాటైపోయింది.

ఇక్కడ వరసకి వస్తువు పెట్టరు. బావి దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళు “ఎవరి వెనక?” అని అడుగుతారు. చివర ఉన్నవాళ్ళు “నా వెనక” అంటారు. అంతే, ఇక ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటే చాలు, నీడలోకి వెళ్ళి కూర్చోవచ్చు, చంటిపిల్లని నిద్రపుచ్చి రావచ్చు. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు పలకరించడానికి ఒక్క మనిషి తెలియదు. ఆ ప్రశ్న అడుగుతూ అడుగుతూనే ఊరంతా తెలిసింది.

నా పేరు మీద కండక్టరు గారికి క్షమాపణ చెప్పు. పెద్దమ్మ మోచేతికి ఎలా ఉందో రాయి. ఇంకొకటి. రిపోర్టు రాసిచ్చానన్నావు. అందులో ఏం రాశావో రాయలేదు.

మరదలు

*

పంపుహౌసు,
మార్చి 21

మరదలికి,

పెద్దమ్మ మోచెయ్యి మానింది. కండక్టరు గారికి నీ క్షమాపణ చెప్పాను. “టీచరు కదా, మంచి మాటలు చెబుతుంది, దూరం నుంచి” అన్నారు.

ఆయన అన్నారని కాదు, నాకూ అనిపించింది. నువ్వు పట్టీలో ‘వెళ్ళారు’ అని రాసి కలం మూసేస్తావు. ‘వచ్చారు’ అని రాసుకోవలసింది మేము. వచ్చినవాళ్ళకి బడి కావాలి, మందులు కావాలి, నీళ్ళు కావాలి. అవేవీ ఊళ్ళో ముందు నుంచే మిగిలిపోయి లేవు. కుళాయి కట్టేసే టైముకి ఖాళీ బిందెతో తిరిగి వెళ్ళే ఆడది మీ పిల్లయినా మా పిల్లయినా నా వైపే చూస్తుంది. రోజూ ఆ చూపు పడేది నా మీద. నీ మీద కాదు.

రిపోర్టు ఆఫీసు వ్యవహారం. ఉత్తరాల్లో రాసేది కాదు.

వదిన

*

రేవు ఊరు, లాంచీ షెడ్డు,
ఏప్రిల్ 14

వదినకి,

బడి వరండా దాకా నీళ్ళు వచ్చాయి. బల్లలు లాంచీ షెడ్డులోకి మార్చాం. నలుగురు పిల్లలున్నారు. ఎక్కాలు చెప్పిస్తున్నాను.

నువ్వన్నది నిజమే. ‘వచ్చారు’ అని రాసుకునేవాళ్ళ చెయ్యి ఎంత నొప్పి పెడుతుందో నేను ఆలోచించలేదు.

మేస్త్రి ఉత్తరం రాశాడు. మిల్లు ఆవరణ ఖాళీ చేయించి, ఊరికి ఏడు మైళ్ళ అవతల కంకర క్వారీ దగ్గరికి పంపుతున్నారట. అక్కడ కుళాయి లేదు, బడి లేదు. ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుందన్నారట. నీళ్ళ విభాగం వాళ్ళు సరఫరా కుదరదని రిపోర్టు ఇచ్చారు కాబట్టి ఇక చేసేదేమీ లేదని చెప్పారట. ఆ రిపోర్టు కింద సంతకం ఎవరిదో ఆయన రాయలేదు. మర్యాదస్తుడు.

మిల్లు జాబితాలో మాదీ ఒక పేరు ఉంది. మూడు వందల నలభై ఒకటి, చివరిది. మే నెలాఖరుకి లాంచీ అప్పజెప్పేసి బయలుదేరుతాం. ముందు మిల్లుకి వచ్చినా, అందరితో పాటు మమ్మల్నీ క్వారీకే పంపుతారు కదా. అన్నయ్యకి చెప్పకు, బాధపడతాడు.

మరదలు

*

ఇంటి నుంచి,
మే 5

అమ్మాయీ,

ఈసారి పంపుహౌసు నుంచి కాదు, ఇంటి నుంచి రాస్తున్నాను. ఎందుకో చివర చెబుతాను. పెద్ద ఉత్తరం, ఓపిగ్గా చదువు. తప్పులుంటే దిద్దుకో.

రిపోర్టు మీద సంతకం నాది. అందులో రాసింది అబద్ధం.

కుదరదని రాశాను. కుదురుతుంది. రాసేముందే లెక్క వేసుకున్నాను, ఇరవై ఏళ్ళు చక్రం తిప్పినదాన్ని, ఆ మాత్రం తెలియదా? పదకొండు వీధులు ఒక్కోటి ఎనిమిది నిమిషాలు వదులుకుంటే ఎనభై ఎనిమిది నిమిషాలు మిగులుతాయి. మిల్లు గేటుకి ఒక పైపు వేసి ఆ నిమిషాలు అటు తిప్పితే, ఎవరికీ కడుపునిండా కాకపోయినా అందరికీ గొంతు తడుస్తుంది. ఆ లెక్క కాగితం చించి పొయ్యిలో వేసి, రెండో కాగితం రాశాను. మన వీధికి ఎనిమిది నిమిషాలు తగ్గించిన మనిషిగా ఈ వీధిలో బతకడానికి భయపడ్డాను. నువ్వు రిపోర్టులో ఏముందని అడిగినప్పుడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని నీ మీద విరుచుకుపడ్డాను. అదీ సంగతి.

నువ్వు చెప్పొద్దన్నా మీ అన్నయ్యకి ఉత్తరం చూపించాను. మిషను ఆపి చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. “రాళ్ళు ఎట్లా మొదలయ్యాయో తెలుసా నీకు?” అన్నాడు. తెలియదన్నాను. మీ నాన్న, కండక్టరు గారి నాన్న, ఈ వీధిలో సగం మంది తండ్రులు మిల్లు తెరిచినప్పుడు ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్ళేనట. కుళాయి వచ్చే వేళకి వీళ్ళు షిఫ్టులో ఉండేవాళ్ళు, వరసలో నిలబడలేరు. అందుకని మనిషికి బదులు రాయి పెట్టారు. అప్పటి ఊరివాళ్ళు ఆ రాళ్ళని తీసి కాలవలో పారేసేవాళ్ళట. రెండేళ్ళు కొట్టుకున్నారట. “మా నాన్న కాలవలో దిగి రాయి వెతుక్కోవడం నేను చూశాను. ఆ ఎర్రరాయే అది” అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే, నువ్వెప్పుడూ అడగలేదుగా అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న మిల్లు తూకాల షెడ్డులో సమావేశం పెట్టారు, ఖాళీ చేయించే తేదీ చెప్పడానికి. ఊరివాళ్ళు ఒక పక్క, మీవాళ్ళు ఒక పక్క. కండక్టరు గారు నా రిపోర్టు గట్టిగా చదివి, “నీళ్ళ మనిషే కుదరదని రాసిచ్చింది. ఇంకా మాట్లాడుకోవడానికేముంది?” అన్నారు.

నేను లేచాను. “ఆ రిపోర్టు తప్పండి. తెలిసే తప్పు రాశాను” అన్నాను.

“తెలిసి ఎందుకు రాశావమ్మా?”

“మన వీధికి నీళ్ళు తగ్గుతాయని. ఎదురింట్లో మీరుంటారు, రోజూ మీ మొహం చూడాలి కదా అని.”

ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఎనిమిది నిమిషాల లెక్క చెప్పాను. షెడ్డు గోలగోలైపోయింది. కండక్టరు గారు చెడ్డవాడని అనుకోకు, ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. “ఇవాళ మూడు వందల నలభై. రేపు సముద్రం ఇంకో పది ఊళ్ళు మింగితే మూడు వేలు. అప్పుడు ఎన్ని నిమిషాలు తగ్గిస్తావు? ఎక్కడ ఆగుతుందో చెప్పి తగ్గించు” అన్నారు.

“నాకు తెలియదు. ఇవాళ ట్యాంకులో ఉన్న నీళ్ళ సంగతి చెప్పగలను. రేపటి సంగతి రేపు మళ్ళీ ఇలాగే కూర్చుని తేల్చుకోవాలి, ఈసారి రెండు పక్కలుగా కాకుండా” అన్నాను.

అప్పుడు వలల పెద్దమ్మ లేచింది. “పొమ్మంటే పోతాం నాయనా. పోయేలోపు రాళ్ళ తప్పు దిద్దుకుని పోతాం. ఏది ఎవరిదో చూపించండి, తీసి ఇచ్చేస్తాం” అంది. మేస్త్రి గునపం కూడా తెచ్చాడు. అందరం కుళాయి దగ్గరికి నడిచాం. ఎవరి రాయి వాళ్ళు గుర్తుపట్టారు, ఇదిగో నాది, అదిగో మాది అని. సరే, ముందు ఎవరిది తీయాలి? బేకరీ ఆవిడ తన రాయి మీద నిలబడి, “నాది తీస్తే ఇక్కడ గుంట పడుతుంది, మళ్ళీ బురదే కదా. వేరేవాళ్ళది తియ్యి ముందు” అంది. ఆ పక్కాయన కూడా అదే అన్నాడు. రెండు నెలలుగా తిట్టుకుంటూనే ఆ గట్టు మీద పొడి కాళ్ళతో నిలబడుతున్నాం మరి. కండక్టరు గారి నల్లరాయి సరిగ్గా కుళాయి కింద, మధ్యలో ఉంది. అది తీస్తే చుట్టూ ఉన్నవన్నీ కదులుతాయని మేస్త్రి మెల్లగా చెప్పాడు. కండక్టరు గారు గునపం అందుకుని దాని వైపు చూస్తూ నిలబడ్డారు.

మీ అన్నయ్య నోరు విప్పింది అప్పుడే. వెనక నుంచి, “ముప్పై ఏళ్ళు బస్సులో ‘లోపలికి జరగండి, ఇంకా చోటుంది’ అన్నావు కదయ్యా. మేం జరిగాం” అన్నాడు. జనం నవ్వారు. కండక్టరు గారు నవ్వలేదు గానీ గునపం మేస్త్రికి తిరిగి ఇచ్చేశారు.

అక్కడే ఊరివాళ్ళ చేత చేతులెత్తించారు. మూడు నెలలు నా లెక్క ప్రకారం నడిపి చూడాలని నలభై ఆరు, వద్దని ముప్పై తొమ్మిది. మూడు నెలల తర్వాత ఏమవుతుందో తెలియదు. రెండు వీధులవాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. తప్పుడు రిపోర్టు ఇచ్చినందుకు ఇంజనీరు గారు రెండు నెలలు నా వాల్వు తాళం తీసేసుకున్నారు. అందుకే ఇంటి నుంచి రాస్తున్నాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, వేరేవాళ్ళు వదిలే నీళ్ళకి బిందె పట్టుకుని నిలబడుతున్నాను.

ఇంకో సంగతి. రాళ్ళు గట్టులో ఇరుక్కుపోయాయి కనుక వంతు ఎట్లా అని కొట్టుకుంటుంటే, పెద్దమ్మ రోజూ వచ్చి “ఎవరి వెనక?” అని అడగడం మొదలుపెట్టింది. మొదట ఎవరూ పలకలేదు. తర్వాత పలకక తప్పలేదు. కండక్టరు గారు నాలుగు రోజులు బిగుసుకుని ఉన్నారు. ఐదో రోజు ఆలస్యంగా వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, “ఎవరమ్మా చివర?” అన్నారు. “నేనే నాయనా, నా వెనక” అంది పెద్దమ్మ.

గది కప్పు కారడం లేదు. ఎప్పుడూ కారలేదు. నువ్వొస్తే ఇక వెళ్ళవని భయపడి రాశాను. మిషనూ గుడ్డ ముక్కలూ ముందు వసారాలోకి మార్చాం. నీ మంచం వేశాను. వచ్చెయ్యండి, ఇద్దరూ.

వదిన

*

రేవు ఊరు,
మే 17

వదినకి,

నీ ఉత్తరంలో తప్పులు లేవు. చదివి ఏడ్చాను. సంతోషించాను కూడా. అయినా కోపం పోలేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నువ్వు లేచి నిలబడకపోతే పెద్దమ్మ ఇప్పుడు క్వారీలో ట్యాంకరు కోసం చూస్తూ ఉండేది. అది తలుచుకున్నప్పుడల్లా కోపం వస్తోంది. నువ్వు లేచి నిలబడ్డావు అన్నది గుర్తొచ్చి తగ్గుతోంది. కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందేమో.

అన్నయ్య అందరి ముందు రెండు వాక్యాలు మాట్లాడాడా? మా అమ్మ ఉంటే తిథి రాసి పెట్టుకునేది.

పట్టీలో ఇక పేర్లు లేవు. చివరి నలుగురూ నిన్న వెళ్ళారు. అడుగున నా పేరు నేనే రాసి, ఎదురుగా ‘వెళ్ళింది’ అని రాశాను. తర్వాత స్కేలు పెట్టి పక్కన ఒక గడి గీసి, ఎక్కడికి అన్నది కూడా రాశాను. ఆ పట్టీ ఎవరూ అడగరు, నాతో తెస్తున్నాను. అందులో ఉన్న అరవై ఒక్క మందినీ మీ మధ్యాహ్నం బడిలో వెతుక్కోవాలి. మాస్టార్లకి గొంతు పోయిందన్నావు, నాది ఇంకా బాగానే ఉంది.

గదికి రాను వదినా. మంచం తీసి మిషను మళ్ళీ పెట్టుకోమను అన్నయ్యని. వాళ్ళందరినీ రేవులో నిలబడి పంపినదాన్ని, వాళ్ళు షెడ్లలో ఉంటే నేను గదిలో ఎలా పడుకుంటాను? మూడు వందల నలభై ఒకటో చోటు మాది, అక్కడే దిగుతాం. మా ఆయన కూడా తలుపు ఊడదీశాడు. భోజనానికి మాత్రం రోజూ వస్తాం, అందులో మొహమాటం లేదు.

జూన్ మొదటి బుధవారం పొద్దున్న చేరతాం. బస్సు దిగి బిందెతో నేరుగా కుళాయి దగ్గరికే వస్తాను. నన్ను చూసి ‘నా మరదలు, ముందుకి రానివ్వండి’ అని మాత్రం అనకు. వడ్డించేది మనవాళ్ళని పెద్దమ్మకి చెప్పి పంపి సిగ్గుపడ్డాను. కడపంక్తిలోనే నిలబడతాను.

మరదలు

*

ఇంటి నుంచి,
మే 26

అమ్మాయీ,

నీ మొండితనం మీ అమ్మది. సరే, గది సంగతి తర్వాత పోట్లాడుకుందాం.

బుధవారం నేను కుళాయి దగ్గరికి వెళతాను. మన ఎర్రరాయి గట్టులో బయటి వరసలో ఉంది, దాని మీద నిలబడతాను. నీకోసం చోటు పట్టి ఉంచను, నీకు నచ్చదు. నా వెనక ఎవరైనా వచ్చి చేరితే, “మీరు ముందు పట్టుకోండి” అని వాళ్ళని ముందుకి పంపించి నేను చివరికి జరుగుతాను. ఇంకొకరు వస్తే మళ్ళీ జరుగుతాను. బస్సు ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. నీళ్ళు అయిపోతే అయిపోనీ.

నువ్వు వచ్చి అడుగు, ఎవరి వెనక అని. నా వెనక అని చెబుతాను.

వదిన